వీకెండ్ సైకిల్ రేస్ రిపోర్ట్: శనివారం దొరికిపోయిన బ్రేక్‌అవే, ఆదివారం నిలిచిన బ్రేక్‌అవే. మీ మాట కావాలి

ఎదురుగాలి
సోమవారం, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. జనవరిలో నేను ట్రైనింగ్ గురించి అడిగినప్పుడు ఇక్కడ చాలామంది ఓపిగ్గా జవాబులు రాశారు. రేసులయ్యాక ఏం జరిగిందో రాస్తానని అప్పుడే మాటిచ్చాను. పెద్ద పోస్టే ఇది. చివర ఒక ప్రశ్న ఉంది, దాని కోసమే నిన్న రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

కొత్తవాళ్ల కోసం నా వివరాలు: ఉత్తర కాలిఫోర్నియా, వయసు 39, బరువు 71 కిలోలు, ఎఫ్‌టీపీ (దాదాపు గంటసేపు నిలబెట్టగల పవర్) 262 వాట్స్, వారానికి ఎనిమిది గంటలకు మించి సైకిల్ ఎక్కే వీలు లేదు. క్యాట్ 4, అంటే అమెరికా అమెచ్యూర్ రేసుల్లో కింది స్థాయి (అంకె తగ్గేకొద్దీ స్థాయి పెరుగుతుంది). నాకు స్ప్రింట్ లేదు. గుంపుతో కలిసి ఆఖరి 200 మీటర్లకు వస్తే పదిహేనో స్థానమో ఇరవయ్యో స్థానమో, అంతే. అందుకే ఈ సీజన్‌లో బ్రేక్‌అవేలే (గుంపుని వదిలి ఒక్కరో కొద్దిమందో ముందుకి వెళ్లిపోవడం, క్లుప్తంగా బ్రేక్) నా దారి అనుకున్నాను.

శనివారం రోడ్ రేస్. సెంట్రల్ వ్యాలీలో బాదం తోటల మధ్య 19 కిలోమీటర్ల లూప్, నాలుగు ల్యాపులు. తోటలన్నీ తెల్లగా పూసి ఉన్నాయి, రోడ్డు మాత్రం గుంతలమయం. దాదాపు యాభై మంది స్టార్ట్ అయ్యాం. రోడ్డు మధ్య పసుపు గీత దాటితే డిస్‌క్వాలిఫై చేస్తారు కాబట్టి ఉన్న జాగా ఒక్క లేన్ మాత్రమే. వాయవ్యం నుంచి గాలి. ల్యాప్ మొదట్లో తూర్పుకి, తర్వాత దక్షిణానికి వెళ్లేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది. తర్వాత పడమరకి తిరిగి, అక్కణ్ణుంచి ఉత్తరానికి తిరిగి ఫినిష్‌కి వచ్చే ఎనిమిది కిలోమీటర్లూ గాలి ముఖానికే.

రెండో ల్యాప్‌లో ఒక తప్పు చేశాను. ఫినిష్ వైపు వచ్చే దారిలో, ఎదురుగాలిలో, రెండో స్థానంలో ఉండి అటాక్ చేశాను, అంటే ఒక్కసారిగా వేగం పెంచి ముందుకి దూకాను. అందరి కళ్ల ముందే లేచి వెళ్లడం అది. రెండు నిమిషాల్లో వెనక్కి చూస్తే గుంపు మొత్తం నా చక్రం వెనకే ఉంది. తేరుకోవడానికి ఒక ల్యాప్ పట్టింది.

ఆఖరి ల్యాప్ మొదలైన అర కిలోమీటరుకి, రోడ్డు తూర్పుకి తిరిగే మలుపులో, ముందున్న ఇద్దరిని గుంపు అప్పుడే పట్టుకుంది. అందరూ ఒక్క క్షణం పెడల్ తొక్కడం ఆపి ఊపిరి తీసుకున్నారు. అదే అదను అనుకుని ఎనిమిదో స్థానం నుంచి వెళ్లిపోయాను. మరో ఇద్దరు నాతో వచ్చారు: ఒకతను సన్నగా, కొండలెక్కే మనిషి, ఇంకొకతను భారీ మనిషి, తొడలు చూస్తేనే స్ప్రింటరని తెలుస్తుంది. మొదటి పదిన్నర కిలోమీటర్లు సగటున గంటకి 41 కిలోమీటర్ల వేగం. ముందుండి గాలిని చీల్చుతూ లాగే పనికి ముగ్గురం పోట్లాట లేకుండా వంతులు వేసుకున్నాం. ఫినిష్ ఇంకా 8 కిలోమీటర్లు ఉందనగా మోటార్‌సైకిల్ మీద ఉన్న అఫీషియల్ పలక చూపించాడు. గుంపుకీ మాకూ మధ్య గ్యాప్ 45 సెకన్లు. నా గుండె చప్పుడు నాకే వినిపించింది.

పడమరకి తిరగ్గానే భారీ మనిషి తల అడ్డంగా ఊపాడు. "నా పని అయిపోయింది, మీరు లాగండి" అని మా వెనక కూర్చున్నాడు. మేమిద్దరం కాసేపు లాగాం. తర్వాత సన్నటి అతను కోపంతో ఆగాడు. అతను ఆగాడని నేనూ ఆగాను. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మళ్లీ నేను లాగాను, మళ్లీ ఆగాను. ఇలా నాలుగైదు సార్లు. ఆ భాగంలో వేగం 36కి పడిపోయింది. ఫినిష్‌కి 1.6 కిలోమీటర్ల దూరంలో గుంపు మమ్మల్ని మింగేసింది. బ్రేక్‌లో ఉన్నది 26 నిమిషాలు. నాది 31వ స్థానం. "నా పని అయిపోయింది" అన్న మనిషి స్ప్రింట్ చేసి ఆరోవాడిగా వచ్చాడు.

ఆదివారం క్రిటీరియం. ఆఫీసు భవనాల మధ్య 1.3 కిలోమీటర్ల లూప్, ఆరు మలుపులు, 40 నిమిషాలు. పదమూడో ల్యాప్‌లో ప్రీమ్ గంట కొట్టారు. ముగ్గురు స్ప్రింటర్లు దానికోసం పోరాడి, గీత దాటగానే చేతులు వదిలేసి కూర్చున్నారు. ఆ క్షణంలోనే రోడ్డుకి అవతలి అంచు నుంచి వెళ్లాను. మరో ముగ్గురు నాతో వచ్చారు, నలుగురం అయ్యాం. ఈసారి మొదటి అర ల్యాప్‌లోనే గట్టిగా చెప్పాను: "పది సెకన్ల వంతులు. రెండు ల్యాపులు మిగిలేదాకా ఎవరూ ఆటలాడొద్దు. ఆ తర్వాత ఎవరి రేస్ వాళ్లది." ముగ్గురూ సరేనన్నారు. గ్యాప్ 18 సెకన్ల దాకా వెళ్లి, చివరికి 9 సెకన్లతో మిగిలింది. నేను మూడోవాణ్ణి. అమెరికాలో రేసులు మొదలుపెట్టాక ఇదే మొదటి పోడియం. మా అమ్మాయి నా మెడల్ వేసుకుని స్కూలుకి వెళ్తానంటోంది.

ఇప్పుడు ప్రశ్న. శనివారం మూడో మనిషి లాగడం ఆపినప్పుడు నేనేం చేసి ఉండాల్సింది? ఊరుకుని లాగుతూ ఉంటే అతన్ని స్ప్రింట్‌కి మోసుకెళ్లినట్టే. ఆపితే అందరం దొరికిపోతాం. మీరైతే ఏం చేసేవారు?

గండిపేట లూప్
సోమవారం, ఉదయం 7:35

అన్నా, ముందు పోడియంకి శుభాకాంక్షలు! పొద్దున్నే ఇది చదివి ఆఫీసుకి లేట్ అవుతున్నా పట్టించుకోలేదు.

నేను హైదరాబాద్. మాకు ఓఆర్‌ఆర్ పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది. ఎండ తగలదు కానీ గాలి మాత్రం బాగా తగులుతుంది. ఆదివారాలు పన్నెండు మందిమి కలిసి తొక్కుతాం. రేస్ అనుభవం లేదు కాబట్టి రెండు చిన్న ప్రశ్నలు. ప్రీమ్ అంటే ఏంటి? రెండో స్థానం నుంచి వెళ్తే తప్పు, ఎనిమిదో స్థానం నుంచి వెళ్తే ఒప్పు ఎలా అయింది? ముందున్నవాడికే కదా దూరం తక్కువ?

ఎదురుగాలి
సోమవారం, ఉదయం 8:10

థాంక్స్ తమ్ముడూ. ప్రీమ్ అంటే రేస్ మధ్యలో ఏదో ఒక ల్యాప్‌కి పెట్టే చిన్న బహుమతి. గంట కొడితే తర్వాతి సారి గీత ముందుగా దాటినవాళ్లకి ఇస్తారు. మొన్న ఇచ్చింది ఒక జత టైర్లు.

రెండో ప్రశ్నకి: ముందు ఉన్నవాడు అటాక్ చేస్తే వెనక ఉన్న అందరికీ వాడి వీపు కనిపిస్తుంది. లేచి నిలబడగానే వాళ్లూ లేస్తారు. ఎనిమిదో స్థానంలో ఉన్నవాడికి ముందువాళ్ల చాటు ఉంటుంది. ఆ చాటులోనే వేగం పెంచుకుని, పక్కనుంచి దూసుకెళ్లేసరికి ముందువాళ్లకంటే ఎనిమిది పది కిలోమీటర్లు ఎక్కువ స్పీడ్‌లో ఉంటాడు. వాళ్లు చూసి, నిర్ణయించుకుని, గేర్ మార్చి లేచేలోపు ముప్ఫై నలభై మీటర్లు వచ్చేస్తాయి. ఆ ముప్ఫై మీటర్లు గాలిలో ఒంటరిగా దాటడమే అందరికీ కష్టం.

పెడల్ పంతులు
సోమవారం, ఉదయం 9:25

ఎదురుగాలి గారూ, అభినందనలు. నేను న్యూజెర్సీలో మాస్టర్స్ 45 ప్లస్‌లో (45 ఏళ్లు నిండినవాళ్ల విభాగం) పదకొండేళ్లుగా రేసులు చేస్తున్నాను. మీ ప్రశ్నకి జవాబు చెప్పేముందు మీ అంకెలనే కాగితం మీద పెట్టి చూశాను. మీరూ ఒకసారి చూడండి, నాకైతే ఆశ్చర్యం వేసింది.

8 కిలోమీటర్ల గుర్తు దగ్గర గ్యాప్ 45 సెకన్లు. 1.6 దగ్గర దొరికారు. అంటే ఆ 6.4 కిలోమీటర్లు మీరు గంటకి 36 చొప్పున 640 సెకన్లలో వచ్చారు. గుంపు 45 సెకన్లు ఆలస్యంగా బయల్దేరి అదే క్షణానికి అక్కడికి చేరింది. వాళ్లకి పట్టింది 595 సెకన్లు. వేగం 38.7. క్యాట్ 4 గుంపుకి, యాభై మంది చాటులో, 38.7 అంటే పెద్ద తరుముడు కాదు. వాళ్లు మామూలుగానే వచ్చారు. వెనక్కి వచ్చింది మీరు.

ఇప్పుడు మీరు 36 బదులు 37 నిలబెట్టుకున్నారనుకోండి. 8 కిలోమీటర్లకు 778 సెకన్లు. గుంపు అదే 38.7తో వస్తే 45తో కలిపి 789. పదకొండు సెకన్ల తేడాతో మీరు గీత దాటేవారు. ఆఖరి కిలోమీటరులో గుంపు స్పీడ్ పెంచుతుంది కాబట్టి పదకొండు కాస్తా నాలుగో ఐదో అయ్యేది. అయినా చాలు. 36 నుంచి 37కి, ఆ గాలిలో, సుమారు ఏడెనిమిది శాతం పవర్ ఎక్కువ కావాలి. మీ లెక్కన 18, 20 వాట్స్. కాళ్లలో అంత లేకపోయి ఉండొచ్చు. కానీ ఆగి, మొహాలు చూసుకుని, మళ్లీ జర్క్ ఇచ్చి లేచిన నాలుగైదు సార్లలో అంతకంటే ఎక్కువే ఖర్చు పెట్టారని నా నమ్మకం.

ఫ్రాన్స్‌లో రొబేర్ షపాట్ అని పాతకాలపు రేసరు ఉండేవారు, తర్వాత టీవీ వ్యాఖ్యాత అయ్యారు. ఆయన పేరు మీద ఒక లెక్క ఉంది: గుంపు పది కిలోమీటర్లలో ఒక నిమిషం గ్యాప్‌ని తినేయగలదు. ఆ లెక్కన 8 కిలోమీటర్లకి 48 సెకన్లు. మీకున్నది 45. అది పూర్తిస్థాయి ప్రొఫెషనల్ టీమ్‌లు కలిసి తరిమితే వర్తించే లెక్క. క్యాట్ 4లో అంత క్రమశిక్షణ ఉండదు. మీ గ్యాప్ సరిపోయేదే.

కాబట్టి నా జవాబు: లాగుతూనే ఉండాల్సింది. అతన్ని మోసుకెళ్లి రెండోవాడిగానో మూడోవాడిగానో రావడం 31వ స్థానం కంటే మేలు కదా.

ఇంకొక మాట. శనివారం ఎంత తాగారు, ఏం తిన్నారు? రిపోర్ట్‌లో ఆ ఊసే లేదు.

మూడో మలుపు
సోమవారం, ఉదయం 11:05

పంతులు గారి లెక్క బాగుంది కానీ ముగింపుతో నేను ఏకీభవించను. నేను డాలస్ దగ్గర రేసులు చేస్తాను, మహిళల క్యాట్ 3. మా ఫీల్డ్‌లు చిన్నవి, పదిహేను ఇరవై మంది. అందువల్ల బ్రేక్‌లు ఎక్కువ, వెనక కూర్చునేవాళ్లూ ఎక్కువ. ఊరికే లాగుతూ పోతే ప్రతి రేసులోనూ మిమ్మల్ని వాడుకోవడం నేర్చుకుంటారు. ఇక్కడ ఫీల్డ్‌లో ఉండేది ఎప్పుడూ ఆ మొహాలే.

ఆగడం తప్పు. లాగడం ఒక్కటే ఉపాయమనుకోవడమూ తప్పే. మీ రూట్ వివరాలు మళ్లీ చదవండి. ఆఖరి నాలుగున్నర కిలోమీటర్లు ఉత్తరానికి, గాలి వాయవ్యం నుంచి. అంటే గాలి ముందు ఎడమ నుంచి వస్తోంది. చాటు ఎక్కడ దొరుకుతుంది? మీ వెనక కాదు, వెనక కుడివైపు. అలాంటప్పుడు మీరు రోడ్డు కుడి అంచుకి అతుక్కుని తొక్కితే మీ కుడివైపు జాగానే ఉండదు. వెనక కూర్చున్న మనిషికి చక్రం దొరుకుతుంది కానీ చాటు దొరకదు. అంత పెద్ద ఒళ్లున్నవాడు ఆ గాలిలో మూడు కిలోమీటర్లు తట్టుకోవడం కష్టం. అప్పుడు సన్నటి అతనికి కన్నుగీటి ఇద్దరూ ఒక్కసారి గట్టిగా వెళ్తే సరి.

మీ వంతుల దిశ కూడా అడగాలి. పడమరకి వెళ్తున్నప్పుడు గాలి కుడి నుంచి. వంతు అయిపోయినవాళ్లు ఏ వైపు నుంచి వెనక్కి వచ్చారు?

ఎదురుగాలి
సోమవారం, మధ్యాహ్నం 12:15

ఎడమ నుంచి. మూడు ల్యాపులూ అలాగే అలవాటైపోయి ఎడమ నుంచే వచ్చాం. ఇప్పుడు మీరు అడిగాక అర్థమైంది. కుడి నుంచి రావాల్సింది కదండీ?

పంతులు గారూ, నిజమే. రెండు గంటల రేసులో ఒక్క బాటిల్ తాగాను. రెండోది మొదటి ల్యాప్‌లోనే గుంతలో ఎగిరి పడిపోయింది. తిన్నది ఒక ఎనర్జీ జెల్, రెండు ఖర్జూరాలు.

మూడో మలుపు
సోమవారం, మధ్యాహ్నం 12:40

అవును, కుడి నుంచి. గాలి ఏ వైపు నుంచి కొడుతుందో ఆ వైపు నుంచే వెనక్కి రావాలి. అప్పుడు వెనక్కి వచ్చేవాళ్లు ముందుకి వెళ్లేవాళ్లకి గోడలా ఉంటారు. మీరు తిరిగిన పద్ధతిలో ముందుకి వెళ్తున్న మనిషి ప్రతిసారీ గాలికి నేరుగా ఎదురయ్యాడు. ఒళ్లు పెద్దదైతే ఆ దెబ్బ ఇంకా ఎక్కువ. అతను "అయిపోయింది" అన్నది నాటకం కాకపోవచ్చని కూడా ఇప్పుడు అనిపిస్తోంది.

ఆఖరి 200
సోమవారం, మధ్యాహ్నం 2:30

నేను స్ప్రింటర్‌ని. స్ప్రింటర్ల తరఫున ఒక మాట చెప్పనివ్వండి. బ్రేక్‌లో కూర్చోవడం నేరం కాదు. తన చేతిలో ఉన్న బలాన్ని బట్టి ప్రతివాడూ ఆడతాడు. ఎదురుగాలి అన్నకి స్ప్రింట్ లేదు కాబట్టి దూరం నుంచి వెళ్లాడు. ఆ మనిషికి స్ప్రింట్ ఉంది కాబట్టి దాచుకున్నాడు. ఇందులో మోసం ఏముంది? అతను 18 కిలోమీటర్లలో పది కిలోమీటర్లకు పైగా వంతులు వేశాడని అన్నే రాశాడు. పూర్తిగా అయిపోయిన కాళ్లు కూడా గుంపు చాటులో రెండు నిమిషాలు దొరికితే పది సెకన్ల స్ప్రింట్ ఇస్తాయి. నాకు ఎన్నోసార్లు జరిగింది.

వైజాగ్ ఘాట్
సోమవారం, మధ్యాహ్నం 3:05

ఆఖరి 200 బ్రో, ఆ లెక్కన అందరూ దాచుకుంటే బ్రేక్ ఎలా నడుస్తుంది? అందరూ అందలమెక్కితే మోసేవారెవరు అని ఊరికే అన్నారా?

నిర్వాహకుడు
సోమవారం, సాయంత్రం 5:20

ఒక సభ్యుడు రిజల్ట్స్ పేజీ చూసి ఆ రైడర్ బిబ్ నంబర్, క్లబ్ పేరు ఇక్కడ పెట్టారు. తీసేశాను. ఆ మనిషి ఈ చర్చలో లేడు. ఎత్తుగడల గురించి ఎంతైనా మాట్లాడుకుందాం, మనుషుల వివరాలు వద్దు.

బాదం పువ్వు
సోమవారం, రాత్రి 9:45

రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. రాయకుండా ఉండలేకపోయాను, ఎందుకంటే శనివారం ఆ గుంపులో నేనున్నాను. ఎదురుగాలి గారూ, మీ వెనక తరిమినవాళ్లలో నేనూ ఒకణ్ణి. మాది ఖమ్మం, ఇప్పుడు ఫ్రీమాంట్‌లో ఉంటున్నాను. స్టార్ట్ లైన్ దగ్గర మీరు నాకు రెండు వరసల ముందు నిలబడి ఉంటారు, తెలుగువారని తెలియదు.

వెనక నుంచి ఏం కనిపించిందో చెప్తాను. మీరు వెళ్లినప్పుడు ఎవరూ కదల్లేదు. "ఇంకా పద్దెనిమిది కిలోమీటర్లు ఉంది, వాళ్లే వస్తారు" అనుకున్నాం. ఒక క్లబ్ వాళ్లు ఐదుగురున్నారు, వాళ్ల మనిషి ఎవరూ బ్రేక్‌లో లేరు. దక్షిణం వైపు వెళ్తుండగా వాళ్లలో ఇద్దరు ముందుకొచ్చి లాగడం మొదలుపెట్టారు. కానీ మిగతా ముగ్గురు రాలేదు. ఇంకో క్లబ్ వాళ్లు ఇద్దరున్నారు, మీతో ఉన్న ఆ భారీ ఒళ్లు పెద్దాయన వాళ్ల మనిషే. వాళ్లు అడ్డుపడలేదు. ముందు లాగేవాళ్ల వెనక రెండో స్థానంలో కూర్చుని, వంతు వచ్చినప్పుడల్లా కొంచెం నెమ్మదిగా ముందుకొచ్చి లయ పాడుచేశారు. చూసేవాళ్లకి ఏమీ జరుగుతున్నట్టు కనిపించదు. ఆ 45 సెకన్లలో సగం వాళ్లు సంపాదించి పెట్టినవేనని నా అభిప్రాయం.

పడమరకి తిరిగాక రోడ్డు తిన్నగా ఉంటుంది కదా, మీరు దూరంగా చుక్కల్లా కనిపించారు. ముగ్గురూ ఒకే గీతలో ఉన్నంతసేపు మా వాళ్లలో ఉత్సాహం లేదు. నాలుగో స్థానం కోసం స్ప్రింట్ చేద్దాం అని కూడా ఎవరో అన్నారు. తర్వాత ఆ చుక్కలు విడిపోయి, రోడ్డుకి అడ్డంగా పరుచుకున్నాయి. ఒకరి తల వెనక్కి తిరిగింది. అంతే. "కొట్టుకుంటున్నారు!" అని ఎవరో అరిచారు. అప్పటిదాకా దాక్కున్న ఆ మిగతా ముగ్గురూ ముందుకొచ్చారు. నేనూ రెండు వంతులు వేశాను. పంతులు గారి లెక్కలో 38.7 సగటు మాత్రమే. మొదట్లో మేం 37లో ఉండి ఉంటాం, మీరు ఆగడం చూశాక 40 దాటాం.

మీరు అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇది: లాగాలా వద్దా అన్నదానికంటే, మాకు కనిపించేలా ఆగకపోవడం ముఖ్యం. వేగం కాస్త తగ్గినా ఒకే వరసలో ఉండి ఉంటే మేం లేచేవాళ్లం కాదు.

ఎదురుగాలి
సోమవారం, రాత్రి 10:30

బాదం పువ్వు గారూ, ఈ పోస్ట్ మూడుసార్లు చదివాను. తల వెనక్కి తిప్పింది నేనే. ఒక్కసారి కాదు, చాలాసార్లు. గ్యాప్ ఎంతుందో చూద్దామని తిప్పాను. అది మీకు జెండా ఊపినట్టు కనిపిస్తుందని నాకు తట్టనే లేదు.

పెద్దాయన క్లబ్ మనుషులు వెనక అంత పని చేశారని తెలిశాక అతని మీద ఉన్న కోపం తగ్గింది. నా 45 సెకన్లలో వాళ్ల చెయ్యి ఉందన్నమాట. అతను గుంపులో తన స్ప్రింట్ కోసం దాచుకోవడానికి కారణం ఉంది. నాకున్న కారణం ఒక్కటే, బ్రేక్ నిలవాలి. అది నా అవసరం అయినప్పుడు ఎక్కువ పని నేనే చేయాల్సింది.

మూడో మలుపు
సోమవారం, రాత్రి 11:15

ఈ కబురు విన్నాక నేను కూడా కొంచెం మెత్తబడుతున్నాను. గుంపుకి ఏం తెలుసు, ఏం తెలియదు అన్నదే ఇక్కడ అసలు విషయం. టోక్యో ఒలింపిక్స్ మహిళల రోడ్ రేస్ గుర్తుందా? 2021 జులై 25న జరిగింది. ఆస్ట్రియాకి చెందిన అన్నా కీసెన్‌హోఫర్. గణితంలో పీహెచ్‌డీ చేసి యూనివర్సిటీలో పని చేస్తున్న మనిషి, ఏ ప్రొఫెషనల్ టీమ్‌లోనూ కాంట్రాక్ట్ లేదు. 137 కిలోమీటర్ల రేసులో స్టార్ట్ నుంచే వెళ్లిపోయింది. చివరి నలభై కిలోమీటర్లకు పైగా ఒంటరిగా తొక్కింది. ఒలింపిక్స్‌లో రైడర్లకి టీమ్ నుంచి కబురు చెప్పే రేడియోలు ఉండవు. వెనక నెదర్లాండ్స్ టీమ్ నిండా ఛాంపియన్లే, కానీ ముందు ఇంకా ఒకరున్నారని వాళ్లకి తెలియలేదు. 75 సెకన్ల తర్వాత గీత దాటిన నెదర్లాండ్స్ రైడర్ వాన్ వ్లూటెన్ తనే గెలిచాననుకుని చేతులెత్తింది. ఆ దృశ్యం చూసినప్పుడు నాకు ఆమె మీద జాలి కలిగింది, కీసెన్‌హోఫర్ మీద గౌరవం కలిగింది.

పారిస్‌లో 2024లో గెలిచిన క్రిస్టెన్ ఫాక్‌నర్ కూడా న్యూయార్క్‌లో ఉద్యోగం చేసుకుంటూ సెంట్రల్ పార్క్‌లో రోడ్ సైక్లింగ్ నేర్చుకున్న మనిషే. ముందున్న ఇద్దరినీ పట్టుకున్న మరుక్షణం, ఎవరూ ఊపిరి తీసుకోకముందే, మూడు కిలోమీటర్ల దూరంలో వెళ్లిపోయింది. మిగతా ముగ్గురూ ఎవరు తరమాలని ఒకరినొకరు చూసుకున్నారు. మీరు శనివారం పట్టుకున్న క్షణమూ అలాంటిదే, మీరు పోగొట్టుకున్న క్షణమూ అలాంటిదే.

పెడల్ పంతులు
మంగళవారం, ఉదయం 6:05

బాదం పువ్వు గారు రాసినదాంతో నా లెక్క మార్చుకోవాలి. గుంపు స్పీడ్‌ని నేను స్థిరంగా తీసుకున్నాను. అది మీరు చేసేదాన్ని బట్టి మారుతుందన్నది నా కాగితంలో లేదు. మీరు ఆగకుండా ఉంటే వాళ్లు 37లోనే ఉండేవాళ్లు, అప్పుడు మీరు 36తో వచ్చినా సుమారు 23 సెకన్లు మిగిలేవి.

తిండి సంగతి గట్టిగానే చెప్తాను, ఏమనుకోకండి. రెండు గంటల రేసుకి గంటకి కనీసం 60 గ్రాముల కార్బోహైడ్రేట్ కావాలి, అలవాటు ఉంటే 90 దాకా. మీరు తిన్నది మొత్తం కలిపినా అరవై గ్రాములు దాటదు. ఆఖరి ఇరవై నిమిషాల్లో కాళ్లతో పాటు బుర్ర కూడా అలసిపోతుంది. వంతుల దిశ మార్చుకోవాలని తట్టకపోవడం, ఊరికే కోపం రావడం, ఇవన్నీ నేను ఆకలితో ఉన్నప్పుడు చేసినవే. బాటిల్ కేజ్ బిగుతుగా ఉందో లేదో రేస్ ముందు రోజు చూసుకోండి, రెండో బాటిల్ జారకుండా రబ్బర్ బ్యాండ్ వేయండి. బెల్లం, ఉప్పు, నిమ్మరసం కలిపిన నీళ్లు నాకు పదేళ్లుగా బాగా పడ్డాయి.

గండిపేట లూప్
మంగళవారం, ఉదయం 8:20

ఇంకో ప్రశ్న. వెనక్కి తల తిప్పకూడదంటే గ్యాప్ తెలిసేదెలా?

మూడో మలుపు
మంగళవారం, ఉదయం 9:00

తల కిందికి వంచి చంక కింద నుంచి చూడొచ్చు. మలుపుల్లో పక్కకి చూస్తే వెనక రోడ్డు దానంతటదే కనిపిస్తుంది. లేదా ఒక స్తంభాన్నో, చెట్టునో దాటినప్పుడు గుర్తు పెట్టుకుని, వెనకవాళ్లతో వచ్చే మోటార్‌సైకిల్ లైటు దాన్ని దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. గంటకి 40లో ముప్ఫై సెకన్లు అంటే 330 మీటర్ల పైచిలుకు. ఆ దూరం కళ్లకి అలవాటు చేసుకోండి. గుంపులో తొక్కేటప్పుడు మాత్రం ఇవేవీ ప్రయత్నించకండి, ముందు చక్రం మీదే చూపు ఉండాలి. నిరుడు అలా కింద పడే నా కాలర్‌బోన్ విరిగింది.

ఆఖరి 200
మంగళవారం, ఉదయం 10:45

ఆదివారం రేస్ గురించి ఎవరూ మాట్లాడట్లేదు. నాకు అదే ఎక్కువ నచ్చింది. "రెండు ల్యాపులు మిగిలేదాకా ఆటలొద్దు, తర్వాత ఎవరి రేస్ వాళ్లది" అని ముందే చెప్పడం. నాలాంటివాడు కూడా ఆ షరతుకి ఒప్పుకుంటాడు, ఎందుకంటే చివర్లో నా ఆట నాకు మిగులుతుంది. శనివారం ఆ మాట ఎవరూ అనలేదు కాబట్టే పెద్దాయన ఎనిమిది కిలోమీటర్ల ముందే ఆపేశాడు. స్ప్రింట్‌లో మూడోవాడిగా ఎందుకు మిగిలావు అన్నా? ఎక్కణ్ణుంచి మొదలుపెట్టావు?

ఎదురుగాలి
మంగళవారం, మధ్యాహ్నం 12:20

ఆఖరి మలుపు తర్వాత, 180 మీటర్లు. నేను మూడో చక్రం మీదే ఉన్నాను, ఎవరినీ దాటలేకపోయాను. మలుపులోకి మొదటివాడిగా వెళ్లి ఉండాల్సింది. ఆరు మలుపుల కోర్సులో ఆఖరి మలుపు నుంచి గీత దాకా దాటడానికి చోటు లేదని ముందు రోజు ల్యాప్ వేసినప్పుడే తెలిసింది. అయినా ధైర్యం చాలలేదు.

ఆఖరి 200
మంగళవారం, మధ్యాహ్నం 12:35

అయితే ఆఖరి మలుపుకి ముందు మలుపు దగ్గరే నీ స్ప్రింట్ మొదలవ్వాలి. మెసేజ్ పెట్టు, ఒక డ్రిల్ పంపిస్తా. వారానికి ఒకసారి ఇరవై నిమిషాలు చాలు.

బాదం పువ్వు
మంగళవారం, రాత్రి 8:50

ఎదురుగాలి గారూ, మూడు వారాల్లో అదే వ్యాలీలో ఇంకో రోడ్ రేస్ ఉంది కదా. నాకు క్లబ్ లేదు, మీకూ లేదనుకుంటున్నాను. మీరు బ్రేక్‌లో వెళ్తే నేను వెనక గుంపులో రెండో చక్రం మీద కూర్చుని తరిమేవాళ్ల లయ పాడుచేస్తాను. నేను వెళ్తే మీరు. మీకు ఇష్టమైతేనే.

ఎదురుగాలి
మంగళవారం, రాత్రి 9:15

తప్పకుండా. ఆ శనివారం పొద్దున ఆరింటికి పార్కింగ్ దగ్గర ఉంటాను, తెల్ల హెల్మెట్, ఎర్ర బాటిళ్లు రెండు. ముందు రోజు రాత్రి గాలి ఎటునుంచో చూసి మెసేజ్ పెడతాను. మా ఆవిడ పులిహోర రెండు డబ్బాలు కడతానంది.